మూడేళ్ళు, ముప్పై ఆరు వేల మైళ్ళు: నా కారుకు తగిలించిన అల్యూమినియం గొట్టం కథ

నాది 2016 మోడల్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. రెండు లీటర్ల టర్బో ఇంజిన్ (టర్బో అంటే ఎగ్జాస్ట్ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నొక్కే పంపు), 268 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. 2021 అక్టోబరులో దీని ఎయిర్ ఫిల్టర్ పెట్టెను, దాని వెనక ఇంజిన్‌కు గాలి తీసుకెళ్ళే ప్లాస్టిక్ గొట్టాన్ని తీసేసి, బయట కొన్న అల్యూమినియం గొట్టం పెట్టాను. నూనె పట్టించిన శంకువు ఆకారపు ఫిల్టర్, వేడి తగలకుండా ఒక రేకు డబ్బా, రెండు సిలికాన్ జాయింట్లు, నాలుగు క్లాంపులు, అన్నీ కలిపి 350 డాలర్లు. తయారీదారు పేరు చెప్పను. అట్ట పెట్టె మీద మాత్రం రెండు మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి: శక్తి పెరుగుతుంది, కంప్యూటర్ సెట్టింగు మార్చనక్కర్లేదు. మొదటిది నా కారులో నిజం కాలేదు. రెండోది సగమే నిజం.

బిగించడం కష్టమేమీ కాదు. పది నంబరు పానా, ఒక స్క్రూడ్రైవర్, ఒక ఆదివారం మధ్యాహ్నం ఉంటే చాలు. లోపలికి పోయే గాలిని కొలిచే సెన్సార్‌ను పాత పెట్టెలోంచి ఊడదీసి కొత్త గొట్టంలో కూర్చోబెట్టేటప్పుడు మాత్రం చేతులు వణక్కూడదు. లోపల వెంట్రుకలాంటి తీగ ఉంటుంది, వేలు తగిలితే అంతే.

స్టార్ట్ చేయగానే నచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే లోతైన ఊపిరి, వదిలితే బుస. పుట్టలోంచి నాగుపాము పలికినట్టు ఉంటుంది. మా అమ్మాయి దాన్ని పాము కారు అనేది. ఆ శబ్దం కోసం మూడేళ్ళు చాలా భరించానని ముందే ఒప్పుకుంటున్నాను.

ఇక శక్తి సంగతి. ఒకే రోజు, ఒకే రోడ్డు, మూడో గేరులో 40 నుంచి 70 మైళ్ళ వేగానికి చేరే సమయాన్ని పాత గొట్టంతో ఆరుసార్లు, కొత్తదానితో ఆరుసార్లు కొలిచాను. కొత్త గొట్టం వల్ల వచ్చిన తేడా కంటే నా కాలు తొక్కే తీరులోని తేడానే ఎక్కువ. ఇందులో వింతేమీ లేదు. టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలో కారు కంప్యూటరే నిర్ణయిస్తుంది. ఆ ఒత్తిడి రాగానే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు తెరిచి మిగతా ఎగ్జాస్ట్‌ను పక్కకు పంపేస్తుంది. మేడ మీది ట్యాంకుకు ఎంత లావు పైపు వేసినా బాల్‌కాక్ మూసుకునే మట్టానికి మించి నీళ్ళు నిలవవు కదా, ఇదీ అంతే. టర్బో కాస్త తేలిగ్గా ఊపిరి పీలుస్తుందేమో గాని, ఇంజిన్‌కు చేరేది పాత లెక్కే. లెక్క మారాలంటే కంప్యూటర్‌లోని మ్యాపు, అంటే ఎప్పుడు ఎంత ఒత్తిడి ఇవ్వాలో రాసి ఉండే పట్టిక, మార్చాలి. కాలిఫోర్నియాలో 2021 జులై నుంచి స్మాగ్ పరీక్షలో, అంటే కారు కాలుష్య పరీక్షలో, సాఫ్ట్‌వేర్ మార్చారా లేదా అన్నది కూడా చూస్తున్నారు. అందుకే నేను ఆ జోలికి పోలేదు.

అసలు చిక్కు సెన్సార్ దగ్గర మొదలైంది. సెన్సార్ గొట్టంలోని గాలి మొత్తాన్ని కొలవదు, తన ముందు నుంచి పోయే పాయను మాత్రమే కొలుస్తుంది. గొట్టం వ్యాసం ఇంత అని కంప్యూటర్ ముందే అనుకుని, మిగతాది గుణించుకుంటుంది. ఉదాహరణకు 70 మిల్లీమీటర్ల గొట్టం బదులు 75 మిల్లీమీటర్లది పెడితే, లోపలి వైశాల్యం దాదాపు 15 శాతం పెరుగుతుంది. అంతే గాలి పెద్ద గొట్టంలో నెమ్మదిగా పోతుంది, కంప్యూటర్ దాన్ని తక్కువ గాలి అనుకుని తక్కువ పెట్రోలు పోస్తుంది. తర్వాత ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సార్ చూసి తప్పు సరిదిద్దుకుంటుంది. ఆ దిద్దుబాటును ఫోన్‌కు కలిపే చిన్న రీడర్‌తో చూడవచ్చు. పాత గొట్టంతో నా కారులో అది సున్నాకు అటూ ఇటూ రెండు శాతం ఉండేది. కొత్తదానితో పదకొండు దాకా పోయింది.

డిసెంబరులో ఒక చలి ఉదయం ఇంజిన్ దీపం వెలిగింది. కోడు పి0171, అంటే పెట్రోలు చాలక గాలి ఎక్కువైందని. దగ్గర్లోని ఒక షాపులో సెన్సార్ పాడైందని 160 డాలర్లు తీసుకుని కొత్తది వేశారు. పది రోజులకు దీపం మళ్ళీ వెలిగింది.

ఏప్రిల్‌లో మా నాన్న గుంటూరు నుంచి వచ్చారు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషి. బానెట్ ఎత్తి చూసి, గొట్టం మెరుపు గురించి ఒక్క మాట కూడా అనకుండా, "ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా బండి దుమ్ము తాగుతుందిరా" అన్నారు. నేను సబ్బు నీళ్ళు తేబోతే వద్దన్నారు. టర్బోకు ముందు భాగం గాలిని లోపలికి లాగుతుంది, బుడగలు రావు. పెట్రోలు వాసన ఏమైనా ఉందా అని ముందు చూసి, కారు స్టార్ట్ చేయించి, ఇంజిన్ ఇంకా చల్లగా, ఫ్యాన్ తిరగకుండా ఉన్నప్పుడే, పూజ అలమరలోంచి అగరుబత్తి తెప్పించారు. నిమిషంలో తేలిపోయింది. టర్బో వైపు జాయింటు దగ్గర పొగ వంకర తిరిగి లోపలికి పోయింది.

విప్పి చూస్తే సిలికాన్ లోపలి అంచున సన్నని దుమ్ము గీత. నాలుగైదు నెలలు వడకట్టని గాలి, సెన్సార్ లెక్కకు రాకుండా, టర్బో చక్రం మీదికి పోయిందన్నమాట. కిట్‌తో వచ్చిన స్క్రూ క్లాంపు వేడికీ చలికీ వదులై, మెత్తటి సిలికాన్‌ను కోసుకుంటూ ఒక పక్కకు జరిగింది. పన్నెండు డాలర్లు పెట్టి, చుట్టూ సమంగా బిగిసే టీ-బోల్టు క్లాంపులు వేశాం. దిద్దుబాటు ఆరు శాతానికి దిగింది, దీపం మళ్ళీ రాలేదు. ఆ మిగిలిన ఆరు గొట్టం లావు వల్ల వచ్చింది, అది మాత్రం చివరిదాకా పోలేదు.

మరో తప్పు పూర్తిగా నాదే. 2023లో ఫిల్టర్ కడిగి నూనె కాస్త ఉదారంగా పట్టించాను. వారానికి కారు సిగ్నళ్ళ దగ్గర ఊగడం మొదలుపెట్టింది. ఆ నూనె సెన్సార్ తీగ మీదికి చేరింది. సెన్సార్లకు వాడే స్ప్రేతో కడిగాక తగ్గింది. ఆ తర్వాత నూనె అక్కర్లేని ఫిల్టర్ కొన్నాను. మీరు కొంటే మొదటి నుంచే అది కొనండి.

అల్యూమినియం వేడెక్కుతుందని భయపెడతారు. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు లోపలి గాలి నిజంగానే పాత పెట్టెతో కంటే పది పన్నెండు డిగ్రీలు ఎక్కువ చూపించేది. కారు కదిలితే రెండు నిమిషాల్లో సర్దుకునేది. మైలేజీ గ్యాలనుకు ఒక మైలు తగ్గింది. అది గొట్టం పాపమో, బుస వినడానికి నేను తొక్కిన తొక్కుడు పాపమో చెప్పడం కష్టం.

2025లో స్మాగ్ పరీక్షకు పిలుపు వచ్చింది. ఇక్కడ పెట్రోలు కార్లకు మొదటి ఎనిమిది మోడల్ సంవత్సరాలు ఆ పరీక్ష ఉండదు కాబట్టి ఇన్నాళ్ళూ నేను పట్టించుకోలేదు. పరీక్షలో పొగ ఒక్కటే కాదు, బానెట్ ఎత్తి కంటితో కూడా చూస్తారు. బయటి గొట్టం ఉంటే దాని మీద రాష్ట్ర వాయు వనరుల మండలి ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు, అంటే అనుమతి నంబరు, ఉండాలి. నా గొట్టం మీద మెరుపు తప్ప ఏ నంబరూ లేదు. నిజానికి అది లేకుండా రోడ్డెక్కడమే ఇక్కడ చట్టవిరుద్ధం. కొనేటప్పుడు చూడాల్సిన మొదటి విషయాన్ని నేను మూడేళ్ళ తర్వాత చూశాను. ఆ నంబరున్న కిట్లు దొరుకుతాయి, ధర కాస్త ఎక్కువ.

పాత పెట్టెను పారేయకుండా అటక మీద పెట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. అది బిగించి, బ్యాటరీ తీసినందువల్ల చెరిగిపోయిన కంప్యూటర్ స్వీయ పరీక్షలు మళ్ళీ పూర్తయ్యేదాకా వారం రోజులు నడిపి, పరీక్షకు తీసుకెళ్ళాను. పాసయింది. దిద్దుబాటు మళ్ళీ రెండు శాతం లోపు. కారు నిశ్శబ్దమైపోయింది. అమ్మాయి రెండు రోజులు అలిగింది, నేను ఇంకా కొన్నాళ్ళు.

నాన్నకు ఫోన్ చేసి పాత గొట్టమే పెట్టేశానని చెప్పాను. మంచిదో చెడ్డదో అనలేదు. "పెట్టాక పొగ పట్టి చూశావా?" అని అడిగారు. చూడలేదు. శనివారం పొద్దున అగరుబత్తి వెలిగించి చూశాను. పొగ నిటారుగా పైకి పోయింది.