విగ్రహం లాక్కెళ్లే వీరుడా, ఇసుక తొలిచే మనిషా?

పురావస్తు తవ్వకాల మీద వచ్చిన సినిమాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి: 1981లో స్పీల్‌బర్గ్ తీసిన ‘రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్’, 2021లో వచ్చిన ‘ద డిగ్’.

మొదటిదాంట్లో పురావస్తు శాస్త్రవేత్త అయిన కథానాయకుడు ఇండియానా జోన్స్ పాత గుడిలోకి దూరి, పీఠం మీద ఇసుక సంచి పెట్టి బంగారు విగ్రహాన్ని చేజిక్కించుకుంటాడు. వెంటనే పెద్ద బండరాయి దొర్లుకొస్తుంది. ఊపిరి బిగబట్టి చూస్తాం, నిజమే. కానీ ఆ విగ్రహం ఎక్కడ, ఏ వస్తువుల నడుమ ఉందో ఎవరూ నమోదు చేయరు. ఆ వివరం పోయాక మిగిలేది బంగారమే. నా దృష్టిలో అది దోపిడీ.

‘ద డిగ్’ ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో, సట్టన్ హూ దగ్గర 1939లో నిజంగా జరిగిన తవ్వకం కథ. అక్కడ మట్టి కింద బయటపడింది దాదాపు 27 మీటర్ల పొడవున్న ఓడ, పూర్వం ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఆంగ్లో-శాక్సన్ జనాలది. కొయ్య ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. మిగిలినవి ఇసుకలో దాని అచ్చు, వరుసలుగా తుప్పు పట్టిన ఇనుప మేకులు. తవ్వకం మొదలుపెట్టిన బాసిల్ బ్రౌన్ ఆ మేకులను కదల్చకుండా, వాటి వెంటే ఇసుక తొలుచుకుంటూ వెళ్లాడు కనుకే ఓడ ఆకారం దక్కింది. ఈ ఓర్పును సినిమా ఎంతో ప్రేమగా చూపింది.

అయితే ఒక అన్యాయమూ చేసింది. అక్కడ వందలాది ఫొటోలు తీసిన మెర్సీ లాక్, బార్బరా వాగ్‌స్టాఫ్ అనే ఇద్దరు మహిళలను తప్పించి, ఆ పనిని ఒక కల్పిత యువకుడికి అప్పగించింది. అప్పటికే తవ్వకాల్లో అనుభవమున్న పెగ్గీ పిగాట్‌ను కొత్తగా పని నేర్చుకుంటున్న అమ్మాయిలా చూపింది.

అయినా పిల్లలకు ఈ వృత్తిని పరిచయం చేయాలంటే నేను ‘ద డిగ్’నే ముందు చూపిస్తాను.