గేటు సెక్యూరిటీనా, స్టోర్‌లో లాస్ ప్రివెన్షనా: ఏది మేలు?

"అన్నా, ఏజెన్సీలో గార్డుగా చేరనా, సూపర్ మార్కెట్‌లో లాస్ ప్రివెన్షన్‌కి, అంటే సరుకు పోకుండా చూసే పనికి, వెళ్లనా?" ఈ నెలలో ఇలా అడిగినవాళ్లలో రణస్థలం కుర్రాడు నాలుగోవాడు. పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర మూడేళ్లు, విజయనగరంలో ఒక స్టోర్‌లో ఐదేళ్లు చేశాను కాబట్టి రెండూ నాకు తెలిసినవే.

గేటు ఉద్యోగం త్వరగా దొరుకుతుంది. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం గార్డు వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి, శిక్షణ పొందాలి. మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని అదే చట్టం చెబుతోంది. మన వైపు ఆర్మీలో చేసి వచ్చినవాళ్లకు అది పెద్ద ఆసరా. కష్టమంతా 12 గంటల డ్యూటీతోనే. మన స్థానంలోకి రావాల్సిన రిలీవర్ రాకపోతే తర్వాతి షిఫ్టూ మనదే. మూడేళ్లూ నేను రిజిస్టర్లో రాసింది బండి నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము. మొదటి నెలలో నేర్చుకున్న పనే చివరి నెలలోనూ చేశాను.

లాస్ ప్రివెన్షన్ అంటే దొంగల్ని పట్టుకోవడమే అనుకుంటారు. కానీ సరుకు బిల్లింగ్ పొరపాట్లలోనూ పోతుంది, గడువు దాటిన ప్యాకెట్లలో పోతుంది, లోపలివాళ్ల చేతివాటంతో పోతుంది. వెనక తలుపు దగ్గర లోడు దిగేటప్పుడూ పోతుంది. ఒకరోజు నూనె ప్యాకెట్ల లోడు వచ్చింది. పెట్టెల లెక్క సరిపోయింది. ఒక పెట్టె ఎత్తితే చేతికి తేలిగ్గా తగిలింది. చూస్తే టేపు అంచున అట్ట పొర లేచి ఉంది, అంటే ఒకసారి ఊడదీసి మళ్లీ అంటించారన్నమాట. తెరిస్తే 12 ఉండాల్సిన చోట 10. డ్రైవర్ ఎదురుగానే అన్నీ కాటా వేయించాం. ఇంకో మూడింటిలోనూ రెండేసి తక్కువ. ఎనిమిది ప్యాకెట్లు తక్కువని ఇన్‌వాయిస్ మీద రాసి అతనితో సంతకం పెట్టించాను.

నేను స్టోర్ వైపు మొగ్గేది ఇందుకే. ఇన్‌వాయిస్ చదవడం, స్టాక్ లెక్క కట్టడం, బిల్లులో తేడా పట్టడం వస్తే యజమాని మారినా, ఊరు మారినా ఆ విద్య మనతోనే ఉంటుంది. గేటు దగ్గర మూడేళ్లు చేసినా ఏజెన్సీ మారితే మళ్లీ మొదటి నుంచే.

టెన్షన్ మాత్రం స్టోర్‌లోనే ఎక్కువ. కస్టమర్ మీద ఎంత అనుమానం ఉన్నా చేయి వేయకూడదు, బలవంతంగా జేబులు వెతికే అధికారం మనకు లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం ప్రకారం, తీవ్రమైన నేరం కళ్లముందే జరిగి మామూలు మనిషి ఎవరినైనా పట్టుకున్నా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. మాట తూలకుండా నిలబడగలిగితేనే ఇటు రండి.



రణస్థలం అబ్బాయి బీకాం చదివాడు, స్టోర్‌కే వెళ్లమన్నాను. ఎక్కడ చేరినా యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు), వైద్యానికి పనికొచ్చే ఈఎస్‌ఐ కార్డు మొదటి నెలలోనే అడిగి తీసుకోమన్నాను.