పాలకెళ్ళి 14 కిలోమీటర్లు తిరిగొచ్చిన కారు

విజయవాడ ఆటోనగర్‌లో గేరుబాక్సులు మాత్రమే చూసే ఒక మేస్త్రి ఉన్నారు. పాత కారు కొనేముందు మనతో వచ్చి బండి చూసిపెడతారు. ఫీజు 1,500. నేను కొనాలనుకున్న బండికి అంతకుముందు, ఫోన్లో బుక్ చేసుకునే ఒక తనిఖీ సర్వీసుకి 2,000 పైనే కట్టాను. బోలెడు పేజీల రిపోర్టు పంపారు. వెనక సీటు మీద గీతకి కూడా ఫొటో ఉంది. ట్రాన్స్‌మిషన్ దగ్గర మాత్రం ఒకటే ముక్క: 'బాగుంది'.

బండి 2018 మోడల్ ఏఎంటీ, అంటే క్లచ్ తొక్కక్కర్లేకుండా గేర్లు తనే మార్చుకునే రకం. 61 వేల కిలోమీటర్లు తిరిగింది. మోకాలి నొప్పి వల్ల నాకు ఏఎంటీయే కావాలి. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. "క్లచ్ లేని బండేమిటే" అని ఆయన సణుగుడు. మేస్త్రి నవ్వి, "క్లచ్ ఉంది గురువుగారూ, తొక్కేది మనం కాదంతే" అన్నారు. లోపల మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన కాలూ చెయ్యీ చేసే పని యాక్చుయేటర్ అనే పరికరం చేస్తుంది. కాబట్టి ప్లేటు అరగడమూ మామూలే.

ఫోన్లోనే ఒక షరతు పెట్టారు: మేం వెళ్ళేదాకా ఓనరు బండి స్టార్ట్ చేయకూడదు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టారు. వేడిగా ఉంది. పాలకెళ్ళొచ్చానన్నాడు ఓనరు. పాల బూత్ ఆ వీధి చివరే కనపడుతోంది! మేస్త్రి ఏమీ అనకుండా స్కానర్ పెట్టారు. తప్పులేవీ చూపించలేదు. నేను సంతోషించేలోపే ఇంకో అంకె చూపించారు. బండి కంప్యూటరు దాచుకున్న తప్పుల కోడ్లు తుడిచేశాక బండి ఎంత దూరం తిరిగిందో కూడా అందులో తెలుస్తుందట. 14 కిలోమీటర్లు. పాలు ఏ ఊరి నుంచి తెచ్చాడో మరి.

"రేపొద్దున వస్తాం, ముట్టుకోకండి" అని చెప్పి తిరిగొచ్చేశాం. మర్నాటికి వేరే ఫీజు అడగలేదు.

రెండో రోజు చల్లటి ఇంజను మీద, చదును రోడ్డులో బండి బుద్ధిగానే నడిచింది. అప్పుడు గుణదలలో కొండవైపు ఎక్కే ఒక సందులోకి తీసుకెళ్ళి, మధ్యలో ఆపి, మళ్ళీ కదిలించమన్నారు. బండంతా వణికింది. ఏఎంటీలో గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగుతుంది కదా, అదేనేమో అనుకున్నాను. "ఆ ఊగడం దీనికి పుట్టుకతో వచ్చిందమ్మా. ఈ వణుకు మాత్రం రోగం" అన్నారు. ఆ తర్వాత మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేరు వేయించి, ఎత్తులో యాక్సిలరేటర్ నొక్కించారు. స్క్రీన్ మీద 4 అలాగే ఉంది, ఆర్‌పీఎం ముల్లు ఎగిరింది, వేగం మాత్రం పెరగలేదు. ప్లేటు జారుతోందన్నమాట. కాలిన వాసన నాకే తెలిసింది. నాన్న ఆ తర్వాత సణగలేదు.

క్లచ్ సెట్టు మార్చడానికి పనితో కలిపి 28 నుంచి 30 వేలు అవుతుందన్నారు. మార్చాక స్కానర్‌తో కొత్త క్లచ్‌ని సిస్టమ్‌కి నేర్పించాలట, అది చేయకపోతే మళ్ళీ కుదుపులేనట.

నచ్చనివీ ఉన్నాయి. మొదటి రోజు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. రిపోర్టంటూ ఏమీ ఇవ్వరు. క్లచ్ ప్లేటు అట్టపెట్టె చింపి, వెనక పెన్నుతో నాలుగు ముక్కలు రాసిచ్చారు. బాడీ, యాక్సిడెంటు, కాగితాలు చూడరు. సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఇంకో రకం ఆటోమేటిక్) అయితే అసలు ముట్టనని ముందే చెప్పేశారు. ఆ మాట నాకు నచ్చింది.

ఓనరుకి అట్టముక్క చూపిస్తే 10 వేలు తగ్గిస్తానన్నాడు. వదిలేశాను. వచ్చే ఆదివారం హనుమాన్ జంక్షన్‌లో ఇంకో బండి చూడాలి. పెట్రోలు ఖర్చు అదనం అన్నారు మేస్త్రి, సరేనన్నాను. ఈసారీ నాన్న వస్తానంటున్నారు.