ఎర్హు: ఏళ్లు వాయించాక చెప్పగలిగింది

కమానుతో వాయించే రెండు తీగల చైనా వాద్యం ఎర్హు. దాన్ని కొనబోయేవాళ్లు మొదట అడిగేది చెక్క గురించే. చైనాలో ఖరీదైన ఎర్హులకు వాడే జితాన్ చెక్క మన శేషాచలం ఎర్రచందనమే. ఆ పేరుతో అమ్మేవన్నీ అదే చెక్కవి కావు లెండి. అయినా పలికేది ప్రధానంగా చెక్క కాదు, ఆరు పలకల పెట్టె ముందు బిగించిన కొండచిలువ చర్మం. నా మధ్యరకం రోజ్‌వుడ్ ఎర్హును ఇన్నేళ్లయినా మార్చాలనిపించలేదంటే కారణం ఆ చర్మమే. పొలుసులు పెద్దవిగా, ఒకే తీరుగా ఉన్నాయా, వేలితో మెల్లగా నొక్కితే బిగువుందా అన్నవి చూసుకోండి. సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రం లేకుండా దాన్ని దేశం దాటించకండి. ఆ తలనొప్పి వద్దనుకుంటే పాలిస్టర్ పొర వేసినవి ఉన్నాయి, హాంకాంగ్ చైనీస్ ఆర్కెస్ట్రా అలాంటివే వాడుతోంది.

కొత్తది అస్సలు పలకడం లేదని చాలామంది వాపోతారు. తప్పు వాద్యానిది కాదు, కమాను వెంట్రుకలకు రోజిన్, అంటే తీగను పట్టేలా వాటికి రుద్దే గట్టి బంక, పట్టలేదు. రోజిన్ బిళ్ల నున్నగా ఉంటే ముందు గరుకు కాగితంతో గీకి, తర్వాత వెంట్రుకలకు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఓపిగ్గా రుద్దాలి.

లోపలి తీగ డి, బయటిది ఎ. వయొలిన్ వాయించేవాళ్ల చెవికి అది స-ప అంతరమే. కుడి అరచేయి పైకి ఉంటుంది, వెంట్రుకలు రెండు తీగల మధ్యే ఇరుక్కుని ఉంటాయి. లోపలి తీగకు మధ్యవేలు, ఉంగరపువేలు వెంట్రుకల్ని ఒంటివైపు లాగాలి, బయటి తీగకు వదిలేసి కమానును అవతలికి నెట్టాలి. ఈ మార్పు మెత్తగా జరగకపోతే రెండు తీగలూ ఒకేసారి గీరుకుంటాయి.

ఎడమ చేతికి ఆనడానికి పలక ఉండదు. వేలు కాస్త గట్టిగా నొక్కితే చాలు, శ్రుతి పైకి పోతుంది. గమకాలు అలవాటైన చేయి ఇక్కడే తొందరపడుతుంది. తీగల్ని కాండానికి కట్టే దారం, ఛియన్‌జిన్, బ్రిడ్జికి (చర్మం మీద తీగల్ని మోసే చిన్న ముక్కకు) 38 నుంచి 40 సెం.మీ. ఎత్తులో ఉండాలి. అది జారితే వేళ్ల చోట్లన్నీ మారిపోతాయి.

లోపలి తీగ పై స్థానాల్లో ఒకచోట స్వరం గరగరలాడుతుంది. ఆ స్వరం, చర్మం సొంత కంపనం ఒకచోట కలిసినప్పుడు వచ్చే పేచీ అది. బ్రిడ్జి కింద తీగలకూ చర్మానికీ మధ్య పెట్టే ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) ముక్క మందం మార్చి చూడండి. మరీ మందమైతే గరగరతో పాటు గొంతే పోతుంది.

వానాకాలంలో చర్మం వదులై గొంతు బొంగురుపోతుంది. మరీ పొడిగా ఉంటే చిట్లే ప్రమాదం. వాయించాక కమాను మర వదులు చేసి, పెట్టె పై అంచున తీగల కింద చిన్న పెన్సిల్ ముక్క దూర్చితే బ్రిడ్జి బరువు చర్మం మీద పడదు. తీగలు మార్చేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి మార్చండి, రెండూ ఒకేసారి తీస్తే బ్రిడ్జి ఊడి పడుతుంది.