నారాయణగూడలో జాతి సంహారాల చరిత్ర తరగతులు: ఒక ఉపాధ్యాయుడి సమీక్ష

నారాయణగూడ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత గ్రంథాలయం మేడ మీద హాలులో, ఆదివారాలు ఈ తరగతులు జరుగుతున్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో జరిగిన జాతి సంహారాలను, వాటి జ్ఞాపకాలను వివిధ దేశాలు కాపాడుకుంటున్న తీరును, మానవ హక్కుల చట్టాలను మామూలు పాఠకులకు తెలుగులో బోధించడం తమ ఉద్దేశమని నిర్వాహకులు ముందే ప్రకటించారు. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పేవాడిగా నేను చేరింది అందుకే. ఆ ఉద్దేశం చాలావరకు నెరవేరింది. నెరవేరని ఒక్క విషయం మాత్రం మన ఊరి చరిత్రకు సంబంధించినది కాబట్టి దాన్ని దాటవేయలేను.

అన్నిటిలోకీ రువాండా పాఠం మిన్న. అంకెలు చెప్పడానికి ముందే, బోధకురాలు ఒక గుర్తింపు కార్డు నకలును వరుసలో మొదటివారి చేతికిచ్చి, అందరూ చూసి వెనక్కి పంపమన్నారు. ఫొటో పక్కన హుటూ, టుట్సీ, ట్వా అని ఆ దేశంలోని వర్గాల పేర్లు వరుసగా అచ్చయి ఉన్నాయి. ఆ మనిషికి వర్తించని పేర్లను కలంతో కొట్టేశారు. 1930ల తొలినాళ్లలో బెల్జియం పాలకులు పరిపాలన సౌలభ్యం కోసం తెచ్చిన ఈ కార్డు, 1994 ఏప్రిల్‌లో రోడ్డుకు అడ్డంగా నిలబడిన హుటూ ముఠాల చేతికి అందినప్పుడు ఎవరు టుట్సీయో, ఎవరిని చంపాలో చెప్పే కాగితంగా మారింది. సుమారు 100 రోజుల్లో చనిపోయినవారు 8 లక్షలని ఐక్యరాజ్యసమితి ఒకప్పుడు అంచనా వేయగా, 10 లక్షలకు పైనే అని రువాండా ప్రభుత్వం అంటుంది. కార్డు చేతులు మారుతున్నంతసేపూ హాలులో ఎవరూ మాట్లాడలేదు. కొట్టేసిన ఆ గీతలు చూశాక అంకెలు వింటే, అవి బరువుగా చెవిన పడ్డాయి.

దాని తరువాత వచ్చిన జాన్ పాల్ అకయేసు కథ ఉపాధ్యాయులందరూ వినవలసినది. ఆయన బడిపంతులుగా మొదలై, విద్యా తనిఖీ అధికారిగా పనిచేసి, తాబా అనే ప్రాంతానికి మేయరు అయ్యాడు. హత్యలు మొదలైన తొలి రోజుల్లో వాటిని అడ్డుకున్నాడు; ఏప్రిల్ 18న పైఅధికారుల సమావేశం జరిగాక హంతకుల పక్షం చేరాడు. రువాండా నేరాల విచారణకు టాంజానియాలోని అరూషాలో ఏర్పాటైన అంతర్జాతీయ న్యాయస్థానం 1998 సెప్టెంబరు 2న అతడిని దోషిగా తేల్చింది. జాతి సంహారాన్ని నేరంగా ప్రకటించిన 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కింద ఒక అంతర్జాతీయ న్యాయస్థానం విచారణ జరిపి, నిందితుడిని దోషిగా తేల్చిన మొదటి తీర్పు అదే. ఒక వర్గాన్ని నాశనం చేసే ఉద్దేశంతో సాగిన అత్యాచారాలు కూడా జాతి సంహారమేనని చెప్పిన తీర్పూ అదే. చదువుకున్నవాడు, నలుగురి మన్నన పొందినవాడు, తొలి రోజుల్లో నిలబడి ఆ తరువాత ఎందుకు ఒరిగిపోయాడన్న ప్రశ్నను బోధకురాలు తొందరపడి తేల్చేయకుండా సభికులకే వదిలారు. ఆ చర్చ మధ్యాహ్న భోజనం వేళ దాటినా ఆగలేదు.

కంబోడియా పాఠంలో నాకు నచ్చింది సంయమనం. నమ్ పెన్ నగరంలో ఒకప్పటి ఉన్నత పాఠశాల అయిన తూల్ స్లెంగ్‌ను 1970లలో ఖ్మేర్ రూజ్ పాలకులు ఖైదుగా మార్చి, తెచ్చిన ప్రతి మనిషికీ ఫొటో తీసిన చరిత్రను చెబుతూ, శవాల బొమ్మలు ఒక్కటీ చూపలేదు. ముఖాలు మాత్రమే చూపించారు. అర్మేనియా విషయం గబగబా ముగించారు. యూదుల సంహారం మీద పాఠం బాగానే ఉన్నా, మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదానికి మించి చేరింది తక్కువ.

చట్టాల తరగతిలో ఒక విద్యార్థి, కారంచేడు ఈ కోవలోకి వస్తుందా అని అడిగాడు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో జరిగిన దళితుల హత్యల ఘోరం ఏమాత్రం తగ్గదని, అయితే ఒక జాతీయ, తెగ, జాతి లేదా మత సమూహాన్ని పూర్తిగా గానీ పాక్షికంగా గానీ నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలని ఒడంబడిక కోరుతుందని, అందుకే ప్రతి ఊచకోతకూ ఆ పేరు అంటదని న్యాయవాది ఓపికగా వివరించారు. భారతదేశం 1959లో ఆ ఒడంబడికను ధ్రువీకరించినా నేటికీ దేశీయ చట్టం చేయలేదని, 1984 ఢిల్లీ సిక్కుల హత్యల కేసులో 2018 డిసెంబరు 17న హైకోర్టు ఈ లోటును ఎత్తిచూపిందని, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం చేరలేదని చెప్పినప్పుడు నాలాంటివారు చాలామంది మొదటిసారి విన్నట్టు రాసుకున్నారు.

ఇక కొరత సంగతి. ఇంత దూరం తిప్పి తెచ్చిన తరగతులు హైదరాబాదు సంస్థానం దగ్గరికి వచ్చేసరికి తడబడ్డాయి. చివరి ఆదివారం మిగిలిన కాస్త సమయంలో, రజాకార్లు 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో సాగించిన హత్యాకాండ గురించి చెప్పి ముగించారు. ఆ ఊరి బురుజు సిద్దిపేట జిల్లాలో నేటికీ నిలిచి ఉంది, దాని గురించి చెప్పి తీరవలసిందే. కానీ సరిగ్గా మరుసటి నెలలో జరిగిన పోలీసు చర్య వేళ, ఆ తరువాత కూడా, ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లింలు పెద్ద సంఖ్యలో హతులయ్యారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు. దాని ఊసే తరగతిలో రాలేదు. రువాండాలో ఎవరి శవాలనూ లెక్కలోంచి తీసేయకూడదని బోధించినవారు, మన ఊళ్లో ఒక పక్షం మృతులను చెప్పి మరో పక్షాన్ని వదిలేయడం నన్ను నొప్పించింది. సభలో గొడవ అవుతుందని భయపడి ఉండవచ్చు. కానీ ఈ రెంటినీ ఒకే గదిలో, ఒకే రోజు, పత్రాలు ముందు పెట్టుకుని చదవగలిగే చోటు నగరంలో ఇలాంటిదే కావాలి. నా అభిప్రాయాన్ని నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇచ్చాను. వచ్చే బ్యాచికి పరిశీలిస్తామన్నారు.

ఇచ్చిన పుస్తకంలో తెలుగు కొన్నిచోట్ల యంత్రం చేసిన అనువాదంలా ఉంది, అచ్చుతప్పులూ ఎక్కువే. రుసుము ఉపాధ్యాయులకు, విద్యార్థులకు తగ్గించారు, అది మెచ్చదగింది. పదో తరగతి దాటని పిల్లలను చేర్చుకోరు. ఆ నియమాన్ని పట్టుబట్టి మార్పించవద్దని తల్లిదండ్రులను కోరుతున్నాను. సాంఘిక శాస్త్రం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ కనీసం రువాండా, చట్టాల ఆదివారాలకు హాజరుకావాలి. ఆ రెంటికి విడిగా పేరు నమోదు చేసుకునే వీలుంది.