ఎక్స్-మెన్: అచ్చయిన వరసా, కథ జరిగిన వరసా, పెద్ద ఘట్టాలు చాలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో పిల్లలకి భాషలకేం కొదవ లేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, ఫోన్లో ఇంగ్లీషు. మా తరానికి తెలుగు చందమామ, పక్కింటి ఒడియా జహ్నమాము, హిందీలో నాగరాజ్, ధ్రువ కామిక్స్. ఇప్పటివాళ్లు సినిమా చూసి నేరుగా మార్వెల్ వాళ్ల ఎక్స్-మెన్ కామిక్స్ మీద, అంటే పుట్టుకతోనే వింత శక్తులున్న మ్యూటెంట్ల జట్టు కథల మీద, పడుతున్నారు. పడ్డవెంటనే తికమక.

"మావయ్యా, ఒకటో నంబరు నుంచి చదవమన్నావు. ఏ ఒకటో నంబరు?" అన్నాడు మా మేనల్లుడు. న్యాయమైన ప్రశ్నే. మార్వెల్ వాళ్ల యాప్‌లో వెతికితే ఎక్స్-మెన్ పేరుతో ఒకటో నంబరు 1963లో ఉంది, 1991లో ఉంది, మళ్లీ 2010, 2013, 2019, 2021, 2024ల్లో ఉంది. చాలదన్నట్టు 1963లో మొదలైన పత్రికే 142వ సంచిక నుంచి, అంటే 1981లో, అన్‌కానీ ఎక్స్-మెన్ అయిపోయింది. 1975 నాటి 94వ సంచిక కావాలన్నా ఆ పేరు కిందే వెతకాలి.

చదివే దారులు మూడు. అచ్చయిన వరసలో సంచిక తర్వాత సంచిక చదవడం ఒకటి. కథ లోపలి కాలాన్ని బట్టి ముందు జరిగింది ముందు, వెనక జరిగింది వెనక పేర్చుకోవడం రెండోది. డార్క్ ఫీనిక్స్, డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్ లాంటి పేరుమోసిన ఘట్టాలు పుస్తకాలుగా కట్టినవి కొని అవి మాత్రం చదవడం మూడోది. టైమ్‌పాస్‌కైతే మూడోది చాలు. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారు, ఎవరికి ఏం తెలుసు అని పట్టి పట్టి చదివేవాళ్లకి మాత్రం మొదటిదే మేలని నా మాట. ఎందుకో చెప్పడానికి మూడోదారివాళ్లు ముందుగా కొనే పుస్తకాన్నే తీసుకుంటాను.

డార్క్ ఫీనిక్స్ పుస్తకం 129వ సంచికతో మొదలవుతుంది. జట్టులో ఉండే జీన్ గ్రే మనసులోకి జేసన్ విన్‌గార్డ్ అనేవాడు దూరి, లేని గతాన్ని చూపించి, ఆమెని హెల్‌ఫైర్ క్లబ్ అనే శత్రుకూటమికి రాణిని చేసేస్తాడు. చివరికి 137లో, చంద్రుడి మీద, ఆమె చచ్చిపోతుంది. ఈ పుస్తకం ఒక్కటే చదివినవాడికి జీన్ అంత సులువుగా ఎలా లొంగిపోయిందా అనిపిస్తుంది. అంత శక్తి ఉన్న మనిషి, మీసాలవాడొకడు నవ్వితే పడిపోయిందా?

జవాబు ఆ పుస్తకంలో లేదు, 113వ సంచికలో ఉంది. 1978 సెప్టెంబరు. అంటార్కిటికాలో జట్టుకి పాత శత్రువైన మాగ్నెటోతో పోరాటం, అంతా కూలిపోతుంది, జట్టు రెండుగా చీలుతుంది. జీన్, బీస్ట్ ఒకవైపు బయటపడి మిగతావాళ్లంతా చచ్చిపోయారనుకుంటారు. సైక్లాప్స్ (అసలు పేరు స్కాట్, జీన్ ప్రియుడు), స్టార్మ్, వుల్వరిన్ తదితరులు ఇంకోవైపు బయటపడి వాళ్లిద్దరూ పోయారనుకుంటారు. పాఠకుడికి మాత్రం అందరూ బతికున్నారని తెలుసు. ఆ తర్వాత ఏడాది పాటు, 125వ సంచిక దగ్గరికి వచ్చేదాకా, ఈ ముడి అలాగే ఉంటుంది. నెలనెలా ఏదో ఒక శత్రువుతో పోరాటం నడుస్తూనే ఉంటుంది. మధ్యలో ఎక్కడో ఒకటి రెండు పేజీల్లో జీన్ స్కాట్‌ని తలుచుకుని ఏడుస్తూ తిరుగుతుంటుంది. చివరికి స్కాట్లాండ్ దగ్గర ముయిర్ ద్వీపం చేరుతుంది. విన్‌గార్డ్ ఆమెకి తారసపడి, నిన్ను ఎప్పటినుంచో ఎరుగుదునన్నట్టు మాట కలిపేది ఆ ఒంటరితనంలోనే. పుస్తకం కట్టినవాళ్లు వదిలేసింది పోరాటాన్ని కాదు, కారణాన్ని.

జట్టు కథల్లో అసలు కథ ఎప్పుడూ ఆ రెండు పేజీల్లోనే ఉంటుంది. క్రిస్ క్లేర్‌మాంట్ 1975 నుంచి 1991 దాకా ఈ పత్రిక రాశాడు. ఈ నెల విత్తు వేసి రెండేళ్ల తర్వాత కోసే మనిషి. ఘట్టం పుస్తకంలో మనకి పంట కనిపిస్తుంది, విత్తు కనిపించదు.

ఇక 114వ సంచికలో ఒక చిన్న సంభాషణ ఉంది, పోరాటాల మధ్య కళ్లు దాటిపోయేంత చిన్నది. జీన్ చచ్చిపోయిందనుకుంటున్న స్కాట్ స్టార్మ్‌తో మాట్లాడుతుంటాడు. తనకి పడాల్సినంత బాధ పడటంలేదని, ఫీనిక్స్ అనే మహాశక్తిగా మారాక జీన్ తను ప్రేమించిన మనిషిలా అనిపించలేదని అంటాడు. 1978లో చదివితే అది దుఃఖంతో మొద్దుబారిన మనిషి మాట. 1986కి వద్దాం. జీన్‌ని మళ్లీ బతికించాలని మార్వెల్ అనుకుంది. కానీ డార్క్ ఫీనిక్స్ కథలో ఆవిడ ఒక నక్షత్రాన్ని మింగేసి 500 కోట్లమందిని చంపింది కదా, ఎలా? అప్పటికింకా కొత్త రచయితే అయిన కర్ట్ బ్యూసిక్ చెప్పిన ఉపాయంతో దారి దొరికింది. 1976లో, 101వ సంచికలో, అంతరిక్షనౌక జమైకా బే నీళ్లలో కూలినప్పుడు ఫీనిక్స్‌గా పైకి లేచింది జీన్ కాదు, ఆమె రూపంలో ఉన్న ఇంకో శక్తి. అసలు జీన్ అదే నీళ్ల అడుగున ఒక గూటిలో నిద్రపోతూ ఉంది. ఫెంటాస్టిక్ ఫోర్ 286లో ఈ సంగతి బయటపడుతుంది. ఇప్పుడు వెనక్కి వెళ్లి 114 తెరవండి. స్కాట్‌కి బాధ ఎందుకు రాలేదో ఇంకో కారణం కనిపిస్తుంది. రాసినప్పుడు ఎవరూ ఉద్దేశించనిది ఎనిమిదేళ్ల తర్వాత క్లూ అయి కూర్చుంది!

ఈ ఆనందం రెండో దారిలో దక్కదు. కథాకాలం ప్రకారం పేర్చిన పట్టికలు 1986 నాటి వివరణని 1976 పక్కన తెచ్చి పెడతాయి. అప్పుడు 101 నుంచి 137 దాకా మీరు చదివేది ఒక నకిలీ మనిషి కథ, 137లో చచ్చేది జీన్ కాదని ముందే తెలిసిపోయిన కథ. కన్నీళ్లు రమ్మన్నా రావు. పురాణంలో తర్వాతివాళ్లు చేర్చిన ప్రక్షిప్తాన్ని మూలమనుకుని చదివినట్టే.

మాగ్నెటో సంగతీ అంతే. 1963లో మొదటి సంచికలో అతను క్షిపణుల స్థావరం పట్టుకున్న మామూలు దుర్మార్గుడు. 1981లో 150వ సంచికలో కిట్టీ ప్రైడ్ అనే పిల్లని దాదాపు చంపేసి, ఒక్కసారిగా ఆగిపోయి, తన బాల్యం ఆష్విట్జ్‌లో గడిచిందని చెప్తాడు. ఏళ్లతరబడి అసహ్యించుకున్న పాఠకుడికి అక్కడ కాళ్లకింద నేల కదులుతుంది. ఇజ్రాయెల్‌లో మాగ్నెటో, ఎక్స్-మెన్ గురువు జేవియర్ మొదట కలిసినప్పటి కథ 161లో వస్తుంది, గతంలోకి వెళ్లి. కాలక్రమం పట్టిక దాన్ని మొదట్లో పెడుతుంది. అప్పుడు 150లో మీకు తెలియనిదేం ఉండదు. 200వ సంచికలో అదే మాగ్నెటో చేతికి జేవియర్ తన బడిని అప్పగిస్తుంటే కూడా ఊహించిందే కదా అనిపిస్తుంది.

2019 నాటి హౌస్ ఆఫ్ ఎక్స్, పవర్స్ ఆఫ్ ఎక్స్ అయితే కాలక్రమానికి లొంగనే లొంగవు. చెరి ఆరు సంచికలు, ఒకదాని మధ్యలో ఒకటి చదవాలి. వాటిలో ఒకటి మొదటి ఏడాది, పదో ఏడాది, నూరో ఏడాది, వెయ్యో ఏడాది మధ్య దూకుతూ ఉంటుంది. కాలం ప్రకారం పేర్చబోతే రచయిత జోనథన్ హిక్‌మన్ కట్టిందంతా ఊడిపోతుంది. రెంటినీ సరైన వరసలో కలిపి కట్టిన పుస్తకం ఉంది, అదే తీసుకోండి. మొయిరా అనే ఆవిడ రహస్యం హౌస్ ఆఫ్ ఎక్స్ రెండో సంచికలో వస్తుంది కాబట్టి ఇక్కడ చెప్పను. ఒకటి మాత్రం చెప్పొచ్చు: ఈ మొయిరా మొదట కనిపించింది 1975లో, 96వ సంచికలో, జేవియర్ ఇంటికి వచ్చిన పనిమనిషిగా. ఇందులో మ్యూటెంట్లు కాపురం పెట్టిన క్రకోవా దీవి అంతకంటే ముందుది. 1975లో జెయింట్-సైజ్ ఎక్స్-మెన్‌లో జట్టుని మింగబోయిన దీవే అది.

అందుకే మొదలుపెట్టడానికి ఆ జెయింట్-సైజ్ సంచికే సరైన చోటు. లెన్ వీన్ రాసి, డేవ్ కాక్రమ్ గీసింది. స్టార్మ్, నైట్‌క్రాలర్, కొలాసస్ పుట్టింది అందులో. వుల్వరిన్ అంతకుముందే 1974లో హల్క్ కథలో వచ్చి ఉన్నాడు. అక్కణ్ణుంచి 94, 95... 95లోనే కొత్త జట్టులో ఒకడు చచ్చిపోతాడు, ఈ పత్రికలో ఎవరికీ భరోసా లేదని మొదట్లోనే చెప్పేసినట్టు.

మరి 1963 నుంచి చదవక్కర్లేదా? స్టాన్ లీ, జాక్ కిర్బీ మొదటి సంచికలు సరదాగానే ఉంటాయి గానీ వరసపెట్టి చదివించవు. పైగా 1970 నుంచి 1975 దాకా, 67 నుంచి 93వ సంచిక వరకూ, అన్నీ పాతకథల పునర్ముద్రణలే. ఆ నంబర్లు దొరకలేదని టెన్షన్ పడక్కర్లేదు. నేనైతే మొదటి సంచిక, నాలుగో సంచిక చదివిస్తాను. నాలుగోది దేనికంటే, అందులో మాస్టర్‌మైండ్ అనే భ్రమలు కల్పించేవాడు పరిచయమవుతాడు. పదహారేళ్ల తర్వాత విన్‌గార్డ్ ముసుగు తొలిగినప్పుడు కింద ఉండేది వాడే. మిగతా పాతకథంతా 138వ సంచికలో దొరుకుతుంది: జీన్ అంత్యక్రియల దగ్గర నిలబడి సైక్లాప్స్ మొదటి సంచిక నుంచి జరిగిందంతా తలుచుకుంటాడు. అంత చక్కటి సారాంశం వేరే ఎక్కడా చూడలేదు.

చదివేటప్పుడు ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోమంటాను. మావాడు మొదట ఎవరికి ఏ శక్తి ఉందో రాయడం మొదలెట్టాడు. "ఒరే, శక్తులు అట్టమీద బొమ్మ చూస్తే తెలుస్తాయి. ఎవరికి ఏం తెలుసో రాయి" అన్నాను. 113 దగ్గర వాడి పేజీ ఇలా ఉంది: జీన్ - స్కాట్ పోయాడనుకుంటోంది, స్కాట్ - జీన్ పోయిందనుకుంటున్నాడు, జేవియర్ - జీన్ చెప్పింది నమ్మాడు. ఆ తర్వాత సంచికల్లో ఒక్కో గీత కొట్టుకుంటూ వచ్చాడు. బొమ్మ గడి మూలన నక్షత్రం గుర్తు పెట్టి "ఫలానా సంచిక చూడండి" అని ఎడిటర్ రాసే చిన్న పెట్టె ఉంటుంది చూడండి, అదీ రాసుకోవాలి. పాత సంచికల్లో కంటిన్యూటీ, అంటే కథకీ కథకీ మధ్య లంకె, అంతా ఆ పెట్టెల మీదే నడిచేది.

పుస్తకమా, యాపా అన్నదాంట్లో పెద్ద వాదనేం లేదు. ఆమ్నిబస్, అంటే బోలెడు సంచికలు కలిపి కట్టిన లావుపాటి పుస్తకం, వేలల్లో మాట, పైగా ఒడిలో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. విశాఖ నుంచో హైదరాబాదు నుంచో వచ్చే చుట్టానికి పురమాయిస్తే మొహం మాడ్చుకుంటారు. యాప్‌లో చందా కడితే పాతవన్నీ వరసగా ఉంటాయి, కొత్తవి అచ్చయిన మూడు నెలలకి వస్తాయి. రాయగడ కొండల్లో సిగ్నల్ ఆడుకుంటుంది కాబట్టి గుణుపురం రైలెక్కే ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఒక్క జాగ్రత్త: 1986లో మొదలైన క్లాసిక్ ఎక్స్-మెన్ అనే పత్రిక పాత సంచికల్నే మళ్లీ వేసింది, కానీ మధ్యలో కొత్త పేజీలు చొప్పించి. మొదటిసారి చదివేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

మూడోదారి నెగ్గే చోటూ ఉంది. 1991లో రెండో ఎక్స్-మెన్ పత్రిక పెట్టి, మూడో సంచికతో క్లేర్‌మాంట్ వెళ్లిపోయాక, కథ రెండు మూడు పత్రికల మధ్య పరిగెడుతుంది. 1995లో ఏజ్ ఆఫ్ అపోకలిప్స్‌కైతే నాలుగు నెలలపాటు అన్ని ఎక్స్ పత్రికల పేర్లూ మార్చేసి, వాటి బదులు నాలుగేసి సంచికల కొత్తవి వేశారు. అక్కడ అచ్చయిన వరస పట్టుకోవాలంటే గుమాస్తా ఉద్యోగమే. కలిపి కట్టిన పుస్తకం కొనుక్కోవడమే తెలివి. మావాడు ఇంకో అడుగు ముందుకేసి 1990ల మొత్తానికీ ఘట్టాలు చాలంటాడు. 1991 వరకు నా మాట వింటే ఆ తర్వాత వాడి ఇష్టం అన్నాను.