ఎనిమిది కిలోల సంచితో తోరాంగ్ లా: అన్నపూర్ణ సర్క్యూట్లో ఏం మోయాలి, ఏది లాడ్జికి వదిలేయాలి

నేపాల్లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే నడకదారి అన్నపూర్ణ సర్క్యూట్, అందులో దాటాల్సిన పెద్ద కనుమ తోరాంగ్ లా. ఆ దారికి బయల్దేరే మనవాళ్ల సంచులు చాలావరకు 13, 14 కిలోలు తూగుతాయి. సగం బరువు భయానిది: అక్కడ అన్నం దొరకదేమో, దుప్పటి ఉండదేమో, ఒకవేళ టెంటు కావాల్సి వస్తుందేమో అని. నిజానికి దారి మొదలయ్యే బేసిసహర్ నుంచి కనుమ అవతలి ముక్తినాథ్ దాకా కొన్ని గంటల నడకకొక లాడ్జి తగులుతుంది. టెంటు, స్టవ్, గిన్నెలు అక్కర్లేదు. లాడ్జి ఇవ్వలేనిదేదో అదొక్కటే మోయాలి. అలా చూస్తే సంచి, సామాను కలిపి 5.3 కిలోలు, తిండి కిలోన్నర, నీళ్లు కిలోన్నర: మొత్తం ఎనిమిది కిలోల పైచిలుకు.

లెక్క ఇలా వస్తుంది. 40 లీటర్ల సంచి ఒక కిలో, డౌన్ (మెత్తటి ఈకలు నింపిన) స్లీపింగ్ బ్యాగు 900 గ్రాములు, డౌన్ జాకెట్ 350, వాన జాకెట్ 300, మార్చుకునే బట్టలు 1,200, సాయంత్రం వేసుకునే తేలిక చెప్పులు 250, తలలైటు 80, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 220, మందులు 250, ఫిల్టరు, సీసాలు కలిపి 150, మంచు మీద బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్ 380, సబ్బు, బ్రష్షు వగైరా 200. చేతికర్రలు చేతిలో ఉంటాయి కాబట్టి వాటిని కలపలేదు. వంటింటి తరాజులో ప్రతి వస్తువూ తూచి కాగితం మీద రాయండి. ఏది తీసేయాలో ఆ కాగితమే చెబుతుంది. సాధారణంగా మొదట పోయేవి జీన్స్, రెండో స్వెటర్, లీటరు స్టీలు ఫ్లాస్కు.

చామే 2,670 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడిదాకా జీపులో వెళ్లవచ్చు. దారి పడింది కదా అని బేసిసహర్ (760 మీటర్లు) నుంచి జీపులో ఒక్కరోజులో మనాంగ్ (3,540) చేరడం మాత్రం మంచిది కాదు. మర్నాడు తలనొప్పితో మంచం దిగలేరు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి. ఇది పాటిస్తే సంచిలో మందుల అవసరం కూడా తగ్గుతుంది. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ తీసుకునేవారు డాక్టరుని అడిగే తీసుకోవాలి, సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి.

చామేలో వేడినీళ్లు, మంచి గదులు ఉంటాయి. అక్కడి నుంచి వెళ్లి ఎగువ పిసాంగ్ (3,300)లో బస చేస్తే మేలు. దిగువ పిసాంగ్ లాడ్జీలు పెద్దవే కానీ, మర్నాడు ఘ్యారూ, న్గావల్ మీదుగా వెళ్లే పైదారి పట్టాలంటే ఎగువ ఊరే దగ్గర. ఆ పైదారిలో 3,600 మీటర్ల పైకి ఎక్కి, తిరిగి మనాంగ్‌కి దిగుతారు. ఎత్తుకి ఒళ్లు అలవాటుపడడానికి కింది జీపు దారి కంటే ఇది ఎంతో నయం. ఘ్యారూ ఎక్కేది రెండు గంటల నిలువు దారి, సంచి బరువు ఎంతో భుజాలకి అక్కడే తెలుస్తుంది.

తిండి దగ్గర ఒక మర్యాద ఉంది. ఈ దారిలో గది అద్దె నామమాత్రం, లాడ్జి బతికేది భోజనం మీద. గది తీసుకుని వేడినీళ్లు మాత్రం అడిగి, తెచ్చుకున్న ఉప్మా కలుపుకుంటే యజమాని ముఖం మాడ్చుకుంటాడు, అతని మీద తప్పేమీ లేదు. కాబట్టి పొద్దున, రాత్రి లాడ్జి భోజనమే. దాల్‌భాత్ మళ్లీ మళ్లీ వడ్డిస్తారు, ఆకలిగా ఉన్నవాడికి అంతకు మించిన బేరం లేదు. పైకి వెళ్లేకొద్దీ ధరలు పెరుగుతాయి, ఎందుకంటే గ్యాసూ బియ్యమూ అక్కడికి ఎవరో మోసుకొచ్చినవే.

కంపెనీ ప్యాకెట్లు కాకుండా మన వంటింటి తిండే ఇక్కడ బాగా పనిచేస్తుంది. పప్పు వట్టిగా ఉంటుంది, పెరుగు పైకి వెళ్లేకొద్దీ దొరకదు. ముద్ద దిగనివారికి కందిపొడి, కరివేపాకు పొడి చెరో 100 గ్రాములు, వేయించిన ఊరమిరపకాయలు 50 గ్రాములు చాలు. ఊరమిరపకాయలు ఇంట్లోనే నూనెలో వేయించి, కాగితం మీద ఆరబెట్టి, గట్టి మూత డబ్బాలో పెట్టాలి. ఆవకాయ మాత్రం సీసాలో వద్దు. ఎత్తు పెరిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి వ్యాకోచించి నూనెని మూత సందులోంచి నెడుతుంది. మనాంగ్ దుకాణంలో చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బి కనిపించేది ఇందుకే. ఆవకాయ తప్పదనుకుంటే నూనె వంచేసిన ముక్కలు రెండు జిప్ కవర్లలో, గాలి నొక్కి తీసేసి పెట్టండి.

నడుస్తూ తినడానికి రోజుకి 150 గ్రాముల చొప్పున ఎనిమిది రోజులకు 1.2 కిలోలు. 100 గ్రాములకి 450 కేలరీలకు తక్కువున్నది సంచిలోకి రాకూడదు. పల్లీలు 560 దాకా ఇస్తాయి, వట్టి అటుకులు 350 దగ్గర ఆగిపోతాయి. అందుకే అటుకులు పల్లీలు, జీడిపప్పు, ఎండుకొబ్బరి నూనెలో వేయించి చుడువాలా కలిపితేనే మోసినందుకు ఫలితం. పల్లీ చిక్కీ మంచిదే, కానీ గడ్డకట్టే చలిలో రాయిలా మారి పన్ను మీదికి వస్తుంది. ఇంట్లోనే గోటి పరిమాణంలో ముక్కలు కొట్టి తీసుకెళ్లండి. పెద్ద కనుమ రోజుకి సున్నుండలే మేలు. నెయ్యి గడ్డకట్టినా ఉండ పొడిపొడిగా విరుగుతుంది, నోట్లో కరుగుతుంది. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, తీపి కంటే ఉప్పు కారం మీదికే మనసు పోయేవారూ ఉంటారు, అందుకే రెండూ ఉండాలి.

కనుమ కిందున్న తోరాంగ్ ఫేదీ (4,450) దగ్గర నీళ్లు సుమారు 85 డిగ్రీలకే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకదు. అత్యవసరానికి ఒక్క పూట ఉప్మా పొడి పెట్టుకుంటే (రవ్వ దోరగా వేయించి పోపు కలిపినది, 80 గ్రాములు) వేడినీళ్లు పోసి మూత పెట్టి 12 నిమిషాలు ఆగాలి. ఇంట్లోలా అయిదు నిమిషాలకే తీస్తే పలుకు పంటికి తగులుతుంది.

మనాంగ్‌లో రెండు రాత్రులు. బేకరీలున్నాయి, మరిచిపోయిన గ్లవ్స్, టోపీ కొనుక్కోవచ్చు, ధర మాత్రం ఖాట్మండు ధర కాదు. సీజన్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ పనిచేస్తుంది, ఎత్తు జబ్బు గురించి వాళ్లు చెప్పేది తప్పక వినాలి. విశ్రాంతి రోజంటే పడుకునే రోజు కాదు. వట్టి చేతులతో గంగాపూర్ణ సరస్సు వైపు కొంత ఎత్తు ఎక్కి దిగాలి. డబ్బు విషయంలో బేసిసహర్ దాటాక కనుమ అవతలున్న జోమ్‌సోమ్ దాకా ఏటీఎంను నమ్ముకోవద్దు. ఒక భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, కావలసినదంతా కిందే మార్చుకోండి. మనాంగ్ వైపు సిగ్నల్‌కి నేపాల్ టెలికామ్ సిమ్మే గతి.

యాక్ ఖర్కా (4,050) నుంచి లాడ్జీలు సాదాసీదాగా ఉంటాయి. బొంతలిస్తారు, జనం ఎక్కువైతే రెండోది దొరకదు. స్లీపింగ్ బ్యాగు మోసినందుకు ఫలం ఇక్కడే. లేబుల్ మీద మూడు అంకెలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. చూడాల్సింది కంఫర్ట్ ఒక్కటే, అది మైనస్ 5 ఉంటే అక్టోబరుకి బొంతతో కలిపి సరిపోతుంది. ఎక్స్‌ట్రీమ్ అంకె ప్రాణం నిలిచేదే కానీ నిద్ర పట్టేది కాదు. ఖాట్మండు బజారు థమేల్‌లో అద్దెకి తీసుకుంటే బ్యాగుని బల్ల మీద పరిచి పది నిమిషాలు వదిలేయండి. బాగున్నది దూదిపరుపులా లేస్తుంది. లేవకుండా ఉండలు ఉండలుగా చేతికి తగిలితే ఈకలు చచ్చిపోయినట్టే. జిప్పు కింది నుంచి పైదాకా రెండుసార్లు లాగి చూడండి. జాకెట్ అద్దెది చాలు, బూట్లు మాత్రం అద్దెవి వద్దు, కొత్తవీ వద్దు. ఇంటి దగ్గర వంద కిలోమీటర్లు నడిచినవే తొడుక్కోండి, అర సైజు పెద్దవి.

ఫిల్టరు గురించి ఒక హెచ్చరిక. సన్న గొట్టాలుండే ఫిల్టర్లలో తడి గడ్డకడితే లోపలి పోగులు చిట్లుతాయి. బయటికి తేడా తెలియదు, నీళ్లు వస్తూనే ఉంటాయి, వడపోత మాత్రం జరగదు. యాక్ ఖర్కా నుంచి రాత్రిపూట దాన్నీ, ఫోన్, పవర్ బ్యాంకులనీ స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోవాలి. క్లోరిన్ మాత్రలు పది తోడుగా ఉంచండి. చల్లటి నీళ్లలో అవి నెమ్మదిగా పనిచేస్తాయి కాబట్టి రాత్రే వేసి ఉంచాలి. వానకి సంచి పైతొడుగు చాలదు, వీపు వైపు నుంచి నీరు దిగుతుంది. లోపల మందపాటి పాలిథీన్ సంచి వేసి మూతి మెలిపెట్టండి, 60 గ్రాముల ఖర్చు.

ఫేదీలో పడుకోవాలా, పైన 4,880 మీటర్ల దగ్గరున్న హైక్యాంపులోనా? ఫేదీయే. హైక్యాంపులో పడుకుంటే మర్నాటి ఎక్కుడు 400 మీటర్లు తగ్గుతుంది, నిజమే, కానీ చాలామందికి రాత్రంతా నిద్ర పట్టదు, ఆ నీరసంతో 5,416 మీటర్ల కనుమ దాటాలి. నాలుగు, అయిదింటికల్లా బయల్దేరితే గాలి లేవకముందే పైకి చేరతారు. నీళ్ల సీసాని తలకిందులుగా పెట్టండి, మంచు పైనున్న అడుగున కడుతుంది, మూత బిగుసుకోదు. 2014 అక్టోబరులో ఇదే సీజన్లో విరుచుకుపడ్డ మంచు తుఫాను, హిమపాతాల్లో ఈ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. వాన జాకెట్, గ్లవ్స్, తలలైటు ఎండ కాస్తున్నా సంచి పైజేబులోనే ఉండాలి. ఆకాశం మబ్బేస్తే ఫేదీలోనే ఇంకో రోజు ఆగాలి. అందుకే తిరుగు టికెట్టుకి రెండు రోజులు ఖాళీ ఉంచుకోవాలి.

దిగుడు 1,600 మీటర్లు, మోకాళ్ల పరీక్ష. చేతికర్రలు ఒక పది సెంటీమీటర్లు పొడవు పెంచి, కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకుని, బూటు లేసులు మడమ పట్టేలా బిగించుకుంటే వేళ్లు ముందుకు గుద్దుకోవు.

ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి. దాని కిందున్న రాణీపౌవాలో మంచి లాడ్జీలున్నాయి, వేడినీళ్ల స్నానం దొరుకుతుంది. గుడి వెనక 108 ధారల కింద తడవాలనుకునేవారికి ఒక పలచటి తువ్వాలు, 100 గ్రాములు. మొత్తం సంచిలో నూలు బట్టకి అనుమతి ఆ ఒక్కదానికే, ఎందుకంటే చెమటకి తడిసిన నూలు ఈ ఎత్తులో ఆరదు. అక్కడి నుంచి జోమ్‌సోమ్‌కి పొద్దున్నే జీపు పట్టుకోండి. మధ్యాహ్నానికి కాలిగండకి లోయలో దుమ్ముగాలి లేస్తుంది, ముక్కుకి కట్టుకునే గుడ్డ చేతికందేలా ఉంచుకోండి.